నలభై ఒక్క ఫ్రేములు

బ్రాడ్‌ఫర్డ్‌లో, బెట్టింగ్ షాపు మీద రెండో అంతస్తు.
హీటరు ఒకటే, అదీ బ్రెండా కుర్చీ వైపు తిరిగి ఉంటుంది.
నా వంతుకి వచ్చినవి పదకొండు రేకు డబ్బాలు.
మూత తీస్తే
పాడైపోయిన పచ్చడి జాడీ వాసన.

బెల్జియంలో ఏదో ఊళ్ళో, డెబ్బై నాలుగు చలికాలంలో
అప్పు చేసి తీసిన సినిమా.
ఒకడు ఆడవాళ్ళని చంపుకుంటూ పోతాడు. అంతే కథ.
ఎందుకో వాడికీ తెలీదు,
తీసినవాళ్ళకీ తెలిసినట్టు లేదు.
రెండు ఊళ్ళలో మూడు వారాలు ఆడిందట.
ఇన్నాళ్ళకి ఎవరో పిచ్చివాడు డబ్బు కట్టి
బాగుచేసి పెట్టమన్నాడు.

నా పని గీతలు తుడవడం, బూజు తీయడం,
అతుకుల దగ్గర ఎగిరిపడే బొమ్మని
మెడ పట్టుకుని నిలబెట్టడం.
భయం మొదటి రోజే పోయింది.
కత్తి అట్టముక్క, వెండి కాగితం అంచు లేచిపోయి కనిపిస్తుంది.
నెత్తురు బీట్‌రూటు, గోడ మీద గులాబీరంగులో ఆరుతుంది.
హంతకుడు ఎవరో బేకరీవాడై ఉండాలి,
గ్లౌజులు తీసినప్పుడు గోళ్ళలో పిండి.
చచ్చేవాళ్ళు ఏడుగురు,
చావడానికి దొరికినవాళ్ళు నలుగురే.
మూడోసారి చచ్చిన పిల్లే విగ్గు మార్చుకుని
ఆరోసారి వచ్చి అవే మెట్ల మీద చస్తుంది,
ఎడమ జబ్బ మీద అదే టీకా మచ్చతో.

తెనాలిలో మా వీధి చివర తెల్లవార్లూ నాటకాలాడేవాళ్ళు.
పద్యం బాగుంటే వన్స్‌మోర్ అని ఈలలు.
చచ్చి పడున్న మహారాజు లేచి,
కిరీటం సర్దుకుని, నిలబడే సోడా తాగి,
ఆ రాగం మళ్ళీ తీసి మళ్ళీ చచ్చేవాడు.
ఎవరికీ తప్పనిపించేది కాదు.

ఈ పిల్ల మెట్ల మీద తలకిందులుగా పడి ఉంటుంది,
కళ్ళు తెరిచి. నిజానికి చాలా బాగా చచ్చింది.
కానీ బయట మంచు, లోపల బొగ్గుకి డబ్బుల్లేవు,
కెమెరా కదలదు,
కదలదు,
అప్పుడు ఆ నోట్లోంచి సన్నగా
టీకప్పు మీద ఆవిరంత ఊపిరి.
నలభై ఒక్క ఫ్రేములు. రెండు సెకన్లు కూడా కాదు.
మళ్ళీ తీయడానికి వాళ్ళ దగ్గర ఫిల్ము లేదు.

టైటిల్సులో ఆమె పేరు లేదు.
ఏడో డబ్బా మూత లోపల ఎవరో మైనపు పెన్సిల్‌తో రాసుకున్నారు.
కింద షాపులో పనిచేసే డచ్చి కుర్రాడు చదివి చెప్పాడు:
గోడ్‌లీవ్ వణుకుతోంది. త్వరగా.

బ్రెండా లిస్టులో పదిహేడో వరస:
శవం నోటి దగ్గర పొగ. తీసేయాలి.
జనం నవ్వుతారంది.
నిజమే, నవ్వుతారు.

రాత్రి పదకొండింటికి మొదలుపెట్టాను.
పక్కనున్న చీకట్లోంచి ఒక ముక్క కోసి
ఆమె పెదాల మీద అతికించడం,
తర్వాతి ఫ్రేము,
తర్వాతి ఫ్రేము.
చెయ్యి కుదిరింది. మరీ బాగా కుదిరింది.
పంతొమ్మిదో ఫ్రేము దగ్గర
కీబోర్డు మీద నా చేతులు చూసుకున్నాను.
చలికి నేనూ గ్లౌజులు వేసుకునే ఉన్నాను,
వేళ్ళ చివర్లు కత్తిరించినవి, నల్లవి.

అట్టకత్తితో వాడి వల్ల కాని పని
పూర్తిచేయడానికి నన్ను పెట్టుకున్నారన్నమాట,
గంటకి ఇంతని.

పంతొమ్మిదీ వెనక్కి తిప్పాను.
ఒక్కో నొక్కుకి ఒక్కో తెల్లటి తునక
పెదాల మీదికి తిరిగొచ్చింది.
అప్పటికి చివరి బస్సు వెళ్ళిపోయింది.
లీడ్స్ రోడ్డు మీద నా ముందు ఒక తాగుబోతు
ఎవరినో తిట్టుకుంటూ నడుస్తున్నాడు,
తిట్టు తిట్టుకీ ఇంతింత ఆవిరి.

పొద్దున రిపోర్టు పెట్టాను.
పదిహేడు: మచ్చ కాదు. వదిలేశాను.
బ్రెండా చదివింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"మరి పద్దెనిమిది?" అంది.
పద్దెనిమిది, ఆరో చావు.
కత్తి దించిన చేత్తోనే హంతకుడు
ఆమె తల మెట్టుకి కొట్టుకోకుండా
అరచెయ్యి అడ్డం పెడతాడు.
ఇంకా చూస్తున్నానన్నాను.